నాలుగు అంగుళాల తాత

కావేరిపట్టణం పేరులో కావేరి ఉంది గాని పక్కన పారేది పెన్న. కృష్ణగిరి దాటి సేలం వైపు పోయే పెద్ద రోడ్డు మీద, దక్షిణ పెన్న ఒడ్డున ఉంటుంది ఊరు. మొదటి మైసూరు యుద్ధంలో, 1767లో, హైదర్ అలీకీ ఇంగ్లీషు కంపెనీకీ నడుమ నలిగిన కోట ఇక్కడిదే. ఇప్పుడు కోట మాట ఎవరూ ఎత్తరు. ఎండాకాలం వచ్చిందంటే మామిడికాయ లారీలు, మండీ ధరలు, అంతే. బోర్డులన్నీ తమిళంలో ఉంటాయి. బేరాలు మాత్రం తమిళం, తెలుగు, కన్నడం మూడింట్లోనూ సాగుతాయి.

అక్కడ ఒక సందులో, ఇరుకు మెట్లెక్కి పోతే, ఒక డీటీపీ సెంటరు. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, రెండు స్కానర్లు. సీపీయూకి ఆయుధపూజ నాటి పసుపు బొట్టు ఇంకా ఉంది. నడిపేది నలభై అయిదేళ్ళ ఆవిడ. పెళ్ళి పత్రికలు, మండీ బిల్లు పుస్తకాలు, చెవులు కుట్టే పండుగ ఫ్లెక్సులు, కుంభాభిషేకం కరపత్రాలు, చనిపోయినవాళ్ళ నివాళి పోస్టర్లు, అన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు ఆమెకు పలక మీద రాలేదు, కీబోర్డు మీద వచ్చాయి. ‘అను’ అనే తెలుగు ఫాంటులో ఏ మీట నొక్కితే ఏ గుణింతం పడుతుందో నేర్చుకుంటూ చదవడం నేర్చుకుందట. ఈ జిల్లాలో ఇలాంటి తెలుగు చదువులు చాలానే ఉన్నాయి.

నేను పోయిన పని చిన్నది. మా అమ్మ తండ్రి ఊళ్ళో వీధిబడి నడిపినాయన. ఆయన జ్ఞాపకాలు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళ మాటలు కలిపి 48 పేజీల పుస్తకం వేయాలనుకున్నాం. హోసూరు చుట్టుపక్కల రాసేవాళ్ళు తమ పలుకుబడిలోనే కథలు రాసి పుస్తకాలు వేసుకుంటున్న కాలం కదా, మేం మాత్రం ఎందుకు వెనకబడాలి? డెమ్మీలో ఎనిమిదో వంతు సైజు, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదున్నర పొడవు. మొదటి పేజీ నిండా తాత ఫొటో. అదీ నా కోరిక. ఫొటో మా పెద్దమ్మ ఇంట్లో గోడకు ఉంది. మేనల్లుడు దాన్ని ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపాడు. నేను దాన్నే తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాను.

ఆ ఒక్క ఫొటో మీద ఆమె చేసిన పని గురించే ఈ వ్యాసం. పుస్తకం సంగతి పుస్తకం చూసుకుంటుంది.

ఆమె దాన్ని పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేరులో పెట్టగానే నా గుండె జారింది. తాత తలపాగా అంచు మెట్లు మెట్లుగా ఉంది, మీసం మసక ముద్దగా ఉంది. “ఫొటో పగిలిపోయింది కదమ్మా” అన్నాను. డీటీపీ సెంటర్లలో అందరం అనే మాటే అది. చుక్కలు విడివిడిగా కనబడితే ‘పగిలింది’ అంటాం.

“ఉండునా, పగిలింది ఫొటోనో మన కన్నో ముందు చూడాల” అంది. మెనూలో ఒక చోట నొక్కింది. తలపాగా అంచు కొంత కుదుటపడింది. మీసంలో వెంట్రుకలు తేలాయి. కాసేపటి క్రితం చూసిన దాంట్లో సగం తప్పు ఫొటోది కానేకాదు.

సంగతేమిటంటే, పేజీ పేర్చే సాఫ్ట్‌వేర్లు మామూలుగా ఫొటోను ఉన్నదున్నట్టు తెర మీద చూపించవు. వందల పేజీలు, వందల ఫొటోలు ఉన్న పుస్తకంలో ప్రతిదాన్నీ పూర్తి వివరంతో గీస్తూ పోతే కంప్యూటరు నత్తనడక నడుస్తుంది. అందుకని ఒక పలచటి నకలు తయారుచేసుకుని, పని జరుగుతున్నంతసేపూ దాన్నే చూపిస్తాయి. ఇన్‌డిజైన్‌లో దీనికి మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టులో ఫొటో ఉన్నచోట బూడిదరంగు పెట్టె మాత్రమే ఉంటుంది. రెండోది నకలు. మూడోది అసలు. ఎవరూ మార్చకపోతే రెండో మెట్టు మీదే ఉంటుంది. అంతకు ముందటి పేజ్‌మేకర్‌లోనూ ఇదే ఏర్పాటు. 1985లో ఆల్డస్ కంపెనీ మెకింతోష్ కంప్యూటరు కోసం తెచ్చిన ఆ పేజ్‌మేకరే ‘డెస్క్‌టాప్ పబ్లిషింగ్’ అనే మాటకు బతుకునిచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది, 1999లో ఇన్‌డిజైన్ తెచ్చింది, 2001 నాటి ఏడో వెర్షనుతో పేజ్‌మేకర్‌ను ఆపేసింది. అడోబీ ఆపినా మనవాళ్ళు ఆపలేదు. అను ఫాంట్లూ పేజ్‌మేకరూ జంటగా తెలుగు పుస్తకాలను ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి మోశాయి. ఆమె రెండో కంప్యూటర్లో ఆ జంట ఇప్పటికీ కాపురముంది.

కాబట్టి ఆమె మొదటి పరీక్ష ఇది: జబ్బు తెరదా, ఫొటోదా? తెరదైతే మందు అక్కర్లేదు. ఈ తేడా తెలియక బాగున్న ఫొటోను ఫొటోషాప్‌లోకి తీసుకుపోయి, పదును పెంచి, పాడుచేసి తెచ్చినవాళ్ళను తాను చూసిందట.

రెండో పరీక్షకు ఆమె కుడి పక్కనున్న లింక్స్ ప్యానెల్ తెరిచింది. ఫొటో పేరు మీద నొక్కితే కింద రెండు అంకెలు కనబడతాయి. ఒకటి యాక్చువల్ పీపీఐ, రెండోది ఎఫెక్టివ్ పీపీఐ. పీపీఐ అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళు అని. మొదటి అంకె ఫైలు తన గురించి తాను చెప్పుకునేది. దాన్ని నమ్మకూడదు. రెండోది పేజీ మీద మనం సాగదీసిన తర్వాత నిజంగా మిగిలేది. బేరం దానితోనే.

తాత ఫొటో 960 పిక్సెళ్ళ వెడల్పు, 1280 పొడవు ఉంది. పేజీ నిండా పరచాలంటే, అంచులు కోసేటప్పుడు పోయే ఎడం కూడా కలిపి, ఎనిమిదీ ముప్పావు అంగుళాల పొడవు కావాలి. 1280ని ఆ ఎనిమిదీ ముప్పావుకు పంచితే అంగుళానికి 146. పుస్తకానికి ఎంత కావాలంటే 300 అంటారు. “సగమే ఉండాదినా” అంది. “దుప్పటి పొట్టిది. కాళ్ళు బారుగా చాపితే ఎట్ల?”

ఈ 300 ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే చాలామంది ఆపరేటర్లు ‘ప్రెస్సువాళ్ళు అడుగుతారు’ అంటారు. అంకె వెనక మనిషి కన్ను ఉంది. ఆరోగ్యమైన కన్ను పక్కపక్కనున్న రెండు చుక్కలను విడదీసి చూడగలిగేది, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా. పుస్తకాన్ని అడుగు దూరంలో పట్టుకుంటే ఆ కోణం అంగుళంలో దాదాపు 286వ వంతు అవుతుంది. అంతకంటే సన్నగా పేర్చిన చుక్కలు కంటికి కలిసిపోతాయి. 300 అనేది దానికి చుట్టుపట్టు లెక్క. ప్రెస్సు వైపు నుంచి చూసినా అక్కడికే చేరతాం. మంచి కాగితం మీద ఆఫ్‌సెట్‌లో అంగుళానికి 150 వరసల చుక్కలు అచ్చువేస్తారు. వరసకు రెండు పిక్సెళ్ళు ఉంటే చుక్క సైజు నిక్కచ్చిగా తేలుతుంది. రెండు 150లు మూడువందలు.

అదే లెక్కతో, ఆమెను రోజూ వేధించే ఒక ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. “రోడ్డు మీద ఫ్లెక్సులో అంత పెద్దగా బాగుండే ఫొటో, పుస్తకంలో ఇంతకే ఎందుకు పగలాల?” అని అడగని గిరాకీ లేదట. తాత ఫొటోనే నాలుగడుగుల వెడల్పు ఫ్లెక్సు చేశామనుకోండి. అంగుళానికి 20 పిక్సెళ్ళే దక్కుతాయి. కాని దాన్ని ఇరవై అడుగుల దూరం నుంచి చూస్తాం. అంత దూరంలో కంటికి అంగుళానికి 14 చాలు. అందుకే రోడ్డు మీద తాత నున్నగా నిలబడతాడు. అదే తాత అడుగు దూరంలో చేతిలోకి వస్తే పగులుతాడు. ఫొటోలో మంచి చెడ్డలు లేవు, చూసే దూరంలో ఉన్నాయి.

చుక్కల సంగతి వచ్చింది కనక ఒక పాత మాట. అచ్చుయంత్రానికి సిరా పెట్టడమో మానడమో తప్ప బూడిదరంగు వేయడం తెలియదు. ఫొటోను పెద్ద చుక్కలు, చిన్న చుక్కలుగా విరగ్గొట్టి ఆ లోటును పూడ్చే హాఫ్‌టోన్ పద్ధతికి మ్యూనిక్‌లో మైసెన్‌బాక్ 1882లో పేటెంటు తీసుకున్నాడు. పదమూడేళ్ళకు, 1895లో, కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి ఇంగ్లండు నుంచి సరంజామా తెప్పించుకుని బ్లాకుల పని మొదలుపెట్టాడు. సినిమా దర్శకుడు సత్యజిత్ రాయ్ తాతగారాయన. పిల్లల కోసం తాను రాసిన పుస్తకంలో బొమ్మలు అచ్చులో పాడైపోవడం సహించలేక ఈ పనిలోకి దిగాడు. చుక్కలు పడే తెర గురించి తాను కనిపెట్టిన సంగతులను లండన్‌నుంచి వచ్చే పెన్‌రోజ్ వార్షిక సంచికల్లో రాసి అక్కడి పనివాళ్ళ మెప్పు పొందాడు. మనదేశంలో ‘బొమ్మ అచ్చులో సరిగా పడలేదు’ అన్న బాధను శాస్త్రంగా మార్చిన మనిషాయన. కావేరిపట్టణం మెట్ల మీది గదిలో ఆ బాధే నడుస్తోంది. పరికరాలు మారాయి, అంతే.

146 అని తేలాక నేను చేయబోయిన మొదటి పని, చాలామంది చేసే పనే. “ఫొటోషాప్‌లో 300 అని కొట్టేస్తే సరిపోదా?” అన్నాను. ఆమె నవ్వి, కొట్టి చూపించింది. పెట్టెలో 72 ఉన్నచోట 300 కొట్టింది. రీసాంపుల్ అనే గడిలో టిక్కు ఉంది. ఫొటో ఒక్కసారిగా నిలువూ అడ్డమూ నాలుగింతల పైన పెరిగింది. 72ని 300 చేయడమంటే ఒక్కో పిక్సెల్ ఉన్నచోట పదిహేడు పిక్సెళ్ళు పెట్టడం. ఆ పదహారు కొత్తవి ఎక్కణ్ణుంచి వచ్చాయి? పక్కవాటి రంగులు చూసి సగటు కట్టి పెట్టినవి. పాలలో నీళ్ళు పోస్తే చెంబు నిండుతుంది, మీగడ పెరగదు. తర్వాత టిక్కు తీసేసి మళ్ళీ 300 కొట్టింది. ఈసారి పిక్సెళ్ళు కదల్లేదు. కాగితం మీద పడే కొలత మాత్రం పదమూడు అంగుళాల నుంచి మూడంగుళాలకు దిగింది. “ఇది నిజం చెప్పే గడినా” అంది.

ఇంతలో మేనల్లుడు ఊరుకోలేదు. కృత్రిమ మేధతో ఫొటోలను బాగుచేసే యాప్ ఒకటి ఉందని, తాతను అందులో వేసి పంపాడు. తెరిచి చూస్తే అద్భుతం. కళ్ళు తళతళలాడుతున్నాయి, మీసంలో వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు, చెంపలు నున్నగా ఉన్నాయి. నేను సంబరపడిపోయాను. ఆమె మాత్రం పాత ఫొటోనూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, చెంప మీద వేలు పెట్టింది.

“మీ తాతకు అమ్మవారు పోసిండె కదానా?”

నిజమే. చిన్నప్పుడు మశూచి వచ్చి తగ్గిన మనిషి. చెంపల మీద, ముక్కు పక్కన గుంటలుండేవి. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని ఆ గుంటల్లో వేలు పెట్టి ఆడినవాణ్ణి నేను. యాప్ వాటిని ఫొటోలో పడిన మచ్చలనుకుని చదును చేసేసింది. ఎడమ కన్ను రెప్ప కొంచెం వాలి ఉండేది, దాన్నీ కుడి కంటికి జత చేసి ఎత్తింది. లక్షల మొహాలు చూసి నేర్చుకున్న యంత్రం, ఇలాంటి చోట ఎలాంటి మొహం ఉండొచ్చునో అలాంటిది పెట్టింది. వచ్చినాయన అందగాడే. మా తాత కాడు.

“చెట్టు కొమ్మదో, గోడదో ఫొటో అయితే వాడుకుంటాను. పోయినోళ్ళ మొగానికి వాడను” అంది. తర్వాత, తనకు తాను చెప్పుకున్నట్టుగా, “లేనిది పెట్టగూడదు, ఉండేది పోగొట్టగూడదు” అంది. నాకు ఆమె పనితనమంతా ఈ రెండు ముక్కల్లోనే ఉందనిపించింది.

మరి దారేది? అసలు ఫొటో తెమ్మంది. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోలను కుదించి, బరువు తగ్గించి పంపుతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది. అలా పంపించుకున్నా లాభం లేకపోయింది. అద్దం మీద కిటికీ వెలుగు పడి తాత కుడి భుజం కనబడడం లేదు, ఫ్రేము వాలి ఉంది. ఫొటోకు ఫొటో తీస్తే రెండో కెమెరా తప్పులు కూడా మొదటిదాని నెత్తిన పడతాయి. ఆ ఆదివారం పెద్దమ్మను బతిమాలి ఫ్రేమును పాత చీరలో చుట్టి బస్సులో తెచ్చాను.

ఆమె ఫ్రేము వెనక మేకులు ఒక్కొక్కటే వంచి అట్ట తీసింది. ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంది. ఎప్పుడో గోడ చెమ్మ తగిలినప్పుడు పైపూత కరిగి అద్దాన్ని పట్టుకుంది. నేను మూల పట్టి లాగబోతే చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. లాగితే మొహం అద్దం మీదా, కాగితం చేతిలోనూ మిగులుతాయట.

ఇక్కడ ఆమె రెండు స్కానర్లు ఎందుకు ఉంచుకుందో తెలిసింది. కొత్తది సన్నగా, పలకలా ఉంటుంది. వేగంగా పనిచేస్తుంది. కాని ఆ సన్న రకంలో కాగితం స్కానరు అద్దాన్ని తాకి ఉంటేనే స్పష్టం. కొంచెం పైకి లేచినా మసకే. మధ్యలో ఇంకో అద్దం అడ్డం ఉంటే ఇక చెప్పేదేముంది. రెండోది పాతది, లావుపాటిది, గుడ్డ కప్పి మూలన పెట్టింది. అందులో లోపల అద్దాలూ లెన్సూ ఉంటాయి, కొంచెం ఎత్తులో ఉన్నదాన్ని కూడా పట్టుకోగలదు. దుమ్ము దులిపి, అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, ఫొటోను తాత అద్దంతో సహా బోర్లా పెట్టింది. 600 పీపీఐలో స్కాన్ చేసింది.

ఫొటో రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర పొడవు. ఆరువందల చొప్పున 1500 పిక్సెళ్ళు, 2100 పిక్సెళ్ళు. 1200లో చేస్తే ఇంకా ఎక్కువ వస్తాయి కదా అన్నాను. వస్తాయి, కాగితం పీచు వస్తుంది, తాత రాడు అంది. పాత స్టూడియో ప్రింటులో వెండి రేణువులు పట్టుకున్న వివరం ఇంత అని ఉంటుంది. దానికి మించి తవ్వితే మట్టే.

ఆ తర్వాత గంటన్నర పాటు ఆమె చేసిన పనిని పక్కన కూర్చుని చూశాను. పళ్ళెంలో నిప్పట్లు, చల్లారిపోయిన టీ. తెర మీద రెండింతలు పెంచిన తాత చెంప. ఒక్కో మచ్చ దగ్గరా ఆగుతుంది. కొన్నిటిని చెరిపేస్తుంది, కొన్నిటిని వదిలేస్తుంది. ఎలా తెలుస్తోందని అడిగాను.

చూపించింది. ఫొటో తీసిన రోజు స్టూడియో దీపం తాతకు ఎడమ పక్కన ఉంది. ముక్కు నీడ కుడికి పడింది చూడు అంది. మశూచి గుంట అంటే చిన్న గుంత కదా, ఎడమ నుంచి వెలుగొస్తే గుంతలో ఎడమ గట్టు నీడలో ఉంటుంది, కుడి గట్టు మెరుస్తుంది. ప్రతి గుంటకూ ఆ నీడా మెరుపూ ఒకే వైపు ఉంటాయి. ఫొటో కాగితం మీద పడిన దుమ్ముకూ, బూజు చుక్కకూ ఆ దీపంతో సంబంధం లేదు. అవి అరవై ఏళ్ళ తర్వాత వచ్చినవి. వాటి అంచు కత్తిరించినట్టు ఉంటుంది, చుట్టూ ఒకే రకం. నీడ తిరిగి ఉంటే తాతది, లేకుంటే గోడది. ఇంత చిన్న సూత్రంతో ఆమె ఒక మొహాన్ని చెమ్మనుంచి విడదీసింది. ఒక గుంట దగ్గర చాలాసేపు తటపటాయించి, వదిలేసింది. అనుమానం వస్తే ఉంచేయాల అంది.

ఎడమ అంచున చెమ్మ తిన్న పట్టీ ఒకటి పైనుంచి కిందిదాకా ఉంది. అక్కడ స్టూడియో తెర బొమ్మ తప్ప ఏమీ లేదు. దాన్ని బాగుచేయడానికి ఆమె పూనుకోలేదు, కత్తిరించేసింది. కింద స్టూలు కాలి దగ్గర చిరిగిన ముక్కా అంతే. మిగిలింది రెండంగుళాల వెడల్పు, మూడు పొడవు. పిక్సెళ్ళలో 1200, 1800. దాన్ని పేజీ మీద పెట్టి లాగింది. లింక్స్ ప్యానెల్లో ఎఫెక్టివ్ పీపీఐ 300 అని పడేచోట చెయ్యి ఆపింది. నాలుగంగుళాల వెడల్పు, ఆరు పొడవు.

“ఇంతేనా మీ తాత” అంది. ఆ మాటలో ‘అన్నా’ ఉందో, ‘ఇంతేనా’ అన్న ప్రశ్న ఉందో నాకు చప్పున తెలియలేదు.

పేజీ నిండా కావాలన్న కోరిక అక్కడితో పోయింది. పోయినందుకు బాధ కలగకపోవడమే వింత. అయిదున్నర అంగుళాల కాగితంలో అటూ ఇటూ ముప్పావు అంగుళం తెల్లటి జాగా, నడుమ తాత. కింద పేరు. గోడకు తగిలించినట్టు కాకుండా, ఆయనే వచ్చి ఎదురుగా కూర్చున్నట్టు ఉంది.

తర్వాతి పనులు చూసేవాళ్ళకు కనబడవు. పుస్తకం మ్యాప్‌లితో కాగితం మీద, ఒక్క నలుపులోనే అచ్చవుతుంది. ఆ కాగితానికి పూత లేదు. సిరాను పీల్చుకుంటుంది, చుక్కలు ఉబ్బుతాయి. తెర మీద సగం నలుపుగా ఉన్నది అచ్చులో డెబ్బై వంతుల దాకా పోతుంది. చామనఛాయ మొహాలు అచ్చులో బొగ్గవడానికి కారణం ఇదే. అందుకని ఆమె నడిమి ఛాయలను ముందే తేలిక చేసింది. తెర మీద తాత కాస్త వెలిసినట్టు కనబడ్డాడు. తెరను చూసి బెంగపడొద్దంది, కాగితం మిగతాది వేస్తుందంది. తలపాగా తెలుపును మాత్రం పూర్తిగా వదల్లేదు. నూటికి నాలుగు వంతుల చుక్క ఉంచింది. అది కూడా లేకపోతే తలపాగా ఎక్కడ ముగిసి కాగితం ఎక్కడ మొదలైందో తెలియదు.

లోపలి పేజీల్లో ఇంకో రెండు చిక్కులు. ఒకటి, ఏదో పాత పత్రికలో అచ్చయిన బడి పిల్లల గుంపు ఫొటో. అచ్చు ఫొటో అంటే అప్పటికే చుక్కలుగా విరిగినది. దాన్ని మళ్ళీ చుక్కలు చేస్తే రెండు చుక్కల వరసలు ఒకదాని మీదొకటి పడి, దోమతెర మడతపెట్టినప్పుడు కనబడే అలల్లాంటి గళ్ళు లేస్తాయి. స్కానరులో అచ్చు చుక్కలను కరిగించే వీలును వాడి, పెద్దగా స్కాన్ చేసి, కొంచెం మసకబరిచి, సగానికి కుదించింది. మసకబరచడం కూడా బాగుచేయడంలో భాగమే అని అప్పుడే తెలిసింది. రెండోది, బడి ముద్ర. ఎవరో జేపెగ్‌గా పంపారు. అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు మరకలు. గీతల బొమ్మకు 300 చాలదు, గీత అంచు కంటికి ఇంకా పదునుగా కావాలి. 1200 అయినా ఉండాలి, లేదా పిక్సెళ్ళే లేకుండా గీయాలి. కోరెల్‌డ్రాలో ముద్రను కింద పరచి, దాని మీద వంపు వంపు తిప్పుతూ కొత్తగా గీసింది. ఇప్పుడది గోడంత చేసినా పగలదు. ఫొటోకు లేనిది పెట్టనన్న మనిషే ముద్రను మళ్ళీ గీసింది. ముద్ర గీసిందే కదా, గీస్తే తప్పేమిటంది.

చివరి గండం పీడీఎఫ్. ఇంత చేసినదీ ఒక్క నొక్కుతో నీళ్ళపాలు కావచ్చు. ఎగుమతి పెట్టెలో అన్నిటికంటే చిన్న ఫైలు కావాలన్న ఎంపిక ఉంటుంది. మెయిల్లో పంపడానికి సులువని చాలామంది దాన్నే నొక్కుతారు. అది రంగు ఫొటోలనూ, నలుపు తెలుపు ఫొటోలనూ ప్రెస్సుకు పనికిరానంత పలచన చేసేస్తుంది. ప్రెస్సు కోసం ఉన్న ఎంపిక అయితే 450 దాటినవాటినే 300కి దింపుతుంది. అసలు ఫొటో ఫైలు కంప్యూటర్లో ఉండి, పేజీల ఫైలు మాత్రమే పెన్‌డ్రైవులో పోతే ఇంకో ప్రమాదం. అక్కడ లింకు తెగి, తెర మీది పలచటి నకలే అచ్చవుతుంది. అందుకే పేజీలు, ఫొటోలు, ఫాంట్లు అన్నీ ఒక్కచోట మూటగట్టే ప్యాకేజ్ అనే ఆజ్ఞ ఉంది. ఆమె అదీ చేసింది, పీడీఎఫూ చేసింది. పీడీఎఫ్‌ను నాలుగింతలు పెంచి, మొదటి పేజీలో తాత చెంప దగ్గర ఆగి, గుంటలు ఉన్నాయో లేదో చూసుకుని మూసింది.

ఈ పనంతటికీ ఆమె తీసుకున్న డబ్బులు చెబితే నమ్మరు, కనక చెప్పను. పేజీకి ఇంత అని రేటు. ఫొటో మీద పెట్టిన గంటన్నర ఆ రేటులో ఎక్కడా లేదు. మంచి దర్జీ లోపలి కుట్టుకు వేరే లెక్క రాయనట్టే.

పుస్తకం హోసూరులో అచ్చయింది. పంచిపెట్టాం, అయిపోయింది. ఏడాది తర్వాత ఇంకో వంద కాపీలు కావాల్సి వచ్చి, ఆమె ఇచ్చిన ఫోల్డరు తెరిచాను. పేజీలు, ఫొటోలు, ఫాంట్లు వాటి వాటి సంచుల్లో ఉన్నాయి. పక్కన, నేను ముందెప్పుడూ చూడని చిన్న టెక్స్ట్ ఫైలు ఒకటి. ప్రెస్సువాళ్ళకని తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసి పెట్టింది. తెలుగులో ఒక గుణింతం తప్పుంది. మొత్తం రెండే వాక్యాలు.

“మొదటి పేజి ఫొటో ఇంతే ఉంది. మొగం మీద ఉండేవి మచ్చలు కావు, తీయవద్దు.”